కారుకి కాళ్ళనీళ్ళు

మా కారు రేడియేటర్లోంచి ఒకసారి బతికున్న రొయ్య బయటికి దూకిందని నేను చాలామందికి చెప్పాను. పెడనలో మా కలంకారీ షెడ్డులో అచ్చులు వేసేవాళ్ళు ఆ కథ విని, తల కూడా ఎత్తకుండా నవ్వి, పని చేసుకుంటూ పోయేవాళ్ళు. గుడివాడలో మా దుప్పట్లు కొనే కొట్టాయన మాత్రం రొయ్య ఎంత పొడుగుందని అడిగాడు. అలాంటి మనిషి దొరికితే నాకు ఆకలిదప్పులు గుర్తుండవు. మీసాలే బంపరు దాకా ఉన్నాయని చెప్పి, దాన్ని ఏం కూర వండుకున్నామో కూడా చెప్పాను.

రొయ్య అబద్ధం. ఆ రేడియేటర్లో రొయ్య హాయిగా బతకగలిగే నీళ్ళు ఉన్నాయన్నది మాత్రం నిజమని తర్వాత తెలిసింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. నా అలవాటు తెలిసినవాళ్ళు ఇందులో సగం తీసేసి చదువుకుంటారేమో. ఈసారి ఆ పని చెయ్యకండి. నేను కలిపింది ఏమీ లేదు, కలపాల్సిన అవసరం రాలేదు.

మా అక్కావాళ్ళది దివిసీమ. అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్తుంటే తగిలే ఊరు. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. తాగడానికి టిన్ను నీళ్ళు కొనుక్కుంటారు, మిగతా అన్నిటికీ బోరే గతి. ఆ నీళ్ళతో పప్పు ఉడకేస్తే ఉప్పు డబ్బా జోలికి పోనక్కర్లేదని నేను అక్కని ఏడిపించేవాణ్ణి.

బావ వయసులో ఉన్నప్పుడు రొయ్యల చెరువుల మీద డీజిల్ ఇంజన్లు చూసుకునేవాడు. పొద్దున్నే ఇంజనుకి నీళ్ళు పోశాకే తను కాఫీ తాగేవాడట. అలాంటి మనిషికి కిడ్నీలు రెండూ మొండికేశాయి. రోజు విడిచి రోజు లెక్కన బందరు ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఎవరో ఒకరం వంతులు వేసుకుని తీసుకెళ్తుంటాం. మొదట్లో ఆటోలోనే వెళ్ళొచ్చేవాళ్ళు. వెళ్ళేటప్పుడు బాగానే ఉండేది. వచ్చేటప్పుడే ఒంట్లో ఉన్న సత్తువంతా ఎవరో పిండేసినట్టు అయిపోయేవాడు. ఒకసారి తిరుగు ప్రయాణంలో మోపిదేవి దాటాక కళ్ళు తేలేసి అక్క ఒళ్ళో పడిపోయాడు. ఆటో వెనక్కి తిప్పి మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తారు. అప్పట్నుంచి, నా వంతు వచ్చినా రాకపోయినా, మా పాత డీజిల్ కారు బావదైపోయింది. ముందు రోజు సాయంత్రం వెళ్ళి అక్కడే పడుకుని, పొద్దున్నే బయల్దేరదీసి, వచ్చేటప్పుడు వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకోబెట్టి తెచ్చేవాణ్ణి.

బావకి నీళ్ళ మీద కట్టడి ఉంది. ఒక సీసా మీద డాక్టరు చెప్పినంత వరకు అక్క గీత గీసి పెడుతుంది. రోజంతా ఆ గీత లోపలే గడుపుకోవాలి. ఎండాకాలంలో ఆయన ఆ సీసా వైపు చూసే చూపు నేను చూడలేక పక్కకి తిరిగేవాణ్ణి. తను తాగేదానికే కట్టడి గానీ, ఇచ్చేదానికి కట్టడి లేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి కాళ్ళకి నీళ్ళివ్వకపోతే ఆయనకి ఏదో అపచారం జరిగినట్టే. నేను కారు దిగగానే చెంబు నా చేతిలో పెట్టి, తను బకెట్టు పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళేవాడు. సూదులు గుచ్చే ఎడమ చేత్తో బరువు ఎత్తకూడదు కాబట్టి కుడి చేత్తో సగం బకెట్టే మోసేవాడు. నాలుగు టైర్లూ కడిగేవాడు. తెల్లారి ఇంజను చల్లబడి ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, లోపల ఏవో చూసుకుని మూసేవాడు.

"నీకిచ్చి దీనికివ్వకపోతే ఎలారా. నిన్ను మోసుకొచ్చింది ఇదేగా," అనేవాడు.

ఇంత మర్యాద జరిగే కారు కృష్ణా జిల్లా మొత్తంలో ఇంకోటి లేదని నేను మురిసిపోయేవాణ్ణి.

టైమింగ్ బెల్టు మార్చాల్సిన కిలోమీటర్లు దాటిపోయాయని గుడివాడలో మా మెకానిక్ చాన్నాళ్ళుగా గొడవ పెడుతున్నాడు. ఒకరోజు మా ఆవిడ గుడివాడ కొట్లో దుప్పట్లు అప్పజెప్పాల్సి వచ్చింది. సరే రెండు పనులూ అవుతాయని గుడ్లవల్లేరు మీదుగా ఇద్దరం బయల్దేరాం. మర్నాడు బావని బందరు తీసుకెళ్ళాలి. సాయంత్రానికి కారు చేతికిస్తానని మెకానిక్ మాటిచ్చాడు. కొట్టు పని ముగించుకుని మా ఆవిడ కూడా షెడ్డుకి వచ్చేసింది.

చక్రం ఊడదీసి, పక్కనున్న నల్ల మూత విప్పాడు. నేను టీ గ్లాసు పట్టుకుని ఊరికే వంగి చూశాను. చూసినవాణ్ణి అలాగే ఉండిపోయాను.

ఇన్నేళ్ళూ ఆ కారెక్కి ఊరేగాను గానీ లోపల ఏం జరుగుతోందో ఎప్పుడూ చూడలేదు. పైన ఒక పళ్ళ చక్రం, కింద ఒక పళ్ళ చక్రం. రెండింటినీ కరుచుకుని ఒక రబ్బరు బెల్టు. వెడల్పు మా ఆవిడ చీర జరీ అంచంత కూడా లేదు. కింది చక్రంతో పాటు ఇంజను లోపల పిస్టన్లు పైకీ కిందకీ ఆడతాయట. పై చక్రం తిరిగితే వాల్వులు దిగి లేస్తాయట. రెండూ వచ్చిపోయేది ఒకే ఇరుకు గదిలోకి. ఒకటి వచ్చే క్షణానికి రెండోది తప్పుకోవాలి. తప్పుకోకపోతే ఇనుమూ ఇనుమూ గుద్దుకుని ఇంజను పనికిరాకుండా పోతుంది. ఆ రెంటి మధ్య తగువు రాకుండా చూస్తున్న పెద్దమనిషి ఈ రబ్బరు ముక్క. నేను టీ చప్పరించే లోపల ఇవి ఎన్నిసార్లు వచ్చి తప్పుకుంటాయో లెక్కపెట్టడం మనిషి వల్ల కాదు. నేను పులిగడ్డ వంతెన మీద పాటలు పెట్టుకుని పోతున్నప్పుడు, బావ వెనక సీట్లో గురక పెడుతున్నప్పుడు, ఒక్కసారి కూడా ఇది వంతు తప్పలేదు.

నేను ఎన్నో కోతలు కోశాను. ఇంత నమ్మశక్యం కానిది ఒక్కటీ కల్పించలేకపోయాను.

మెకానిక్ పానా పెట్టి ఇంజన్ని మెల్లగా తిప్పుతూ పై చక్రం మీది గుర్తునీ, కింది చక్రం మీది గుర్తునీ వాటి వాటి చోట్లకి తెచ్చాడు. మా షెడ్డులో అచ్చు మూల చూసుకుని రెండో రంగు అచ్చు దింపుతారే, ఊపిరి బిగబట్టి, అచ్చం అలాగే. గుర్తులు కలిశాక తెల్ల పెయింటు చుక్కలు పెట్టి బెల్టు లాగాడు. దాని వీపు మీద సన్నటి పగుళ్ళు, ముసలివాళ్ళ చేతుల మీద ఉన్నట్టు.

అప్పుడు అడిగాడు. బెల్టూ, దాన్ని బిగించి ఉంచే టెన్షనరూ, పక్కన తిరిగే చిన్న పుల్లీ ముందే తెప్పించి ఉంచాడు. వాటికి పేచీ లేదు. అదే బెల్టు వాటర్ పంపుని కూడా తిప్పుతుంది. ఇంజను చుట్టూ నీళ్ళు తిప్పేది ఆ పంపే. మార్చడమా, ఉన్నదాన్ని ఉంచెయ్యడమా?

వేలితో పంపు చక్రం తిప్పి చూపించాడు. చప్పుడు లేదు, ఊగడం లేదు, చుక్క కారడం లేదు. బయటికి కొత్త పెళ్ళికొడుకులా ఉంది. కాకపోతే అది ఎప్పుడైనా తిరగకుండా పట్టేస్తే కొత్త బెల్టునీ తెంపుకుపోతుంది. తర్వాత మార్చాలన్నా మళ్ళీ ఇదంతా మొదటి నుంచి విప్పాలి. పోనీ ఒకసారి ఊడదీసి లోపల చూసి మళ్ళీ పెట్టెయ్యమంటే కుదరదట. విప్పితే నీళ్ళు కారకుండా మధ్యన పెట్టే పాత అట్ట మళ్ళీ పనికిరాదు, కొత్తది పంపుతోనే వస్తుంది. చూడకుండానే తేల్చుకోవాలి.

"నువ్వేమంటావు భాయ్?" అన్నాను.

"నేనేమీ అననండీ. మార్చమంటే వీడు బేరం పెంచాడంటారు. వద్దంటే రేపు రోడ్డు మీంచి ఫోన్ చేసి తిడతారు. అందుకే నేను అడుగుతానంతే, చెప్పను."

"నీ కారైతే?"

"నాది మోటార్ సైకిలండీ," అన్నాడు.

అసలు చిక్కు అది కాదు. ఆ పంపు గుడివాడలో దొరకలేదు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే బెజవాడలో ఉందన్నారు, పొద్దున బస్సులో వేస్తామన్నారు. పంపు మార్చాలంటే కారు ఈ రాత్రికి విప్పినట్టే ఉండిపోవాలి. వద్దనుకుంటే సాయంత్రానికి దివిసీమలో ఉంటాను. అక్కకి ఫోన్ చేశాను. అంతా విని అక్క ఒక్కటే అడిగింది.

"వెళ్ళేటప్పుడు ఆటోలో తీసుకెళ్తానురా. వచ్చేటప్పుడో?"

నేను ఫోన్ పెట్టేసి, ఉన్న పంపే ఉంచెయ్యమని చెప్పేశాను. బాగా తిరుగుతున్నదాన్ని పీకడం దేనికి? రేపు బావని తెచ్చుకోవాలి, ఆ తర్వాత సంగతి తర్వాత. మెకానిక్ కొత్త బెల్టు అట్టపెట్టె విప్పబోయాడు.

"నెమలి గుర్తుందా?" అంది మా ఆవిడ.

అప్పటిదాకా ఆవిడ స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. మెకానిక్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా షెడ్డులో ఒక్కో డిజైనుకి అచ్చులు ఒక జట్టుగా ఉంటాయి. గీతలకి ఒకటి, ఒక్కో రంగుకి ఒకటి. అన్నీ ఒకే టేకుదుంగలోంచి, ఒకే చేత్తో చెక్కించుకుంటాం. కలిసి నీళ్ళు తాగుతాయి, కలిసి ఎండుతాయి, కలిసి అరుగుతాయి. ఒకసారి నెమలి డిజైన్లో గీతల అచ్చు అరిగిపోతే, మిగతావి నిక్షేపంగా ఉన్నాయి కదా అని ఆ ఒక్కటే కొత్తది చెక్కించాను. దుప్పటి ఆరేసి చూస్తే నెమలి ముక్కు ఒకచోట, దాని ఎరుపు ఇంకోచోట. అది ఒక కొత్త జాతి నెమలి అని, నాగాయలంక అడవుల్లో మాత్రమే ఉంటుందని చెప్పి అమ్మబోయాను. కొట్టాయన రొయ్యని నమ్మాడు గానీ నెమలిని నమ్మలేదు.

"అది గుడ్డ. నష్టం వస్తే మనకొస్తుంది," అన్నాను. "ఇక్కడ బావ ఉన్నాడు."

"అందుకే అంటున్నాను. ఈ కారు రేపొక్కరోజు నడిస్తే చాలా, అన్నయ్యగారికి?"

నేను ఖాళీ టీ గ్లాసు కింద పెట్టాను.

"మీరు రాత్రికి బస్సులో వెళ్ళి, పొద్దున వాళ్ళతో ఆటోలో బందరు రండి. నేను ఇక్కడ మా పిన్ని ఇంట్లో పడుకుంటాను. ఆయన మిషన్ మీద ఉన్నంతసేపు ఉంది కదా. దిగే వేళకి కారు ఆసుపత్రి దగ్గరుంటుంది. నేను తెస్తాను."

మా ఆవిడ డ్రైవింగ్ గురించి కూడా నేను చాలా కథలు చెప్పాను. గూడూరు దగ్గర ఒక గేదె ఆవిడకి సైడిచ్చిందని, అలాంటివి. ఆ నిమిషంలో అవన్నీ పక్కన పెట్టేశాను. పంపు విప్పమని మెకానిక్‌కి చేత్తోనే సైగ చేశాను.

బోల్టులు విప్పి, పంపు ఊడదీసి ఇటు తిప్పి చూపించాడు. ముగ్గురం దాని మీదకి వంగాం.

బయటి సగం పెళ్ళికొడుకు అన్నానే. లోపలి సగం లేదు. నీళ్ళు నెట్టే రేకులు ఉండాల్సిన చోట, చెదలు తిన్న పాత అచ్చు మీద మిగిలే పువ్వుల్లాంటి మొండి ముక్కలున్నాయి. కొన్ని కాగితమంత పలచన, కొన్ని అసలు లేవు. ఇరుసు చుట్టూ ఇనుము పుచ్చిపోయి, పట్టుకుంటే పొడి రాలుతోంది. దాని మీదంతా తెల్లటి పెచ్చు.

"నేను రేడియేటర్లోకి ఆకుపచ్చ కూలెంట్ పోసి పంపానండీ," అన్నాడు మెకానిక్. "మీరేమన్నా సముద్రం పోశారా?"

ఆ పెచ్చు నేను ఎరుగుదును. మా అక్క స్నానానికి నీళ్ళు కాచే డేగిసా అడుగున అదే పెచ్చు ఉంటుంది. సగం బకెట్టు పట్టుకుని కుడిపక్కకి ఒరిగి నడిచొచ్చే మనిషి కళ్ళ ముందు కదిలాడు.

మెకానిక్ ఆ పంపుని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. ఇది నీళ్ళు ఎలా తిప్పిందో నాకు తెలీదండీ, చెప్తే ఎవరూ నమ్మరు అన్నాడు. ఎవరూ నమ్మనివి చెప్పడం నా పని, కానీ ఇంత దూరం నేనూ ఎప్పుడూ పోలేదు. ఆ మొండి ముక్కలతోనే అది ఎండల్లో, వానల్లో, చల్లపల్లి గతుకుల్లో, బావని వెనక వేసుకుని తిరిగింది. రేకులు ఒకటొకటే ఊడిపోతుంటే మిగిలినవి నెట్టుకుంటూ వచ్చాయి. ఒక్కరోజైనా మూలగలేదు. నేను దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ఎందుకో పాత సామాను కుప్పలో పడెయ్యబుద్ధి కాలేదు.

మా ఆవిడ నా పక్కకొచ్చి, మెల్లగా, "అన్నయ్యగారికి చెప్పకండి," అంది. ఆవిడా డేగిసా చూసింది కదా.

మర్నాడు ఆటోలో, నేను రాత్రి బస్సులో మోసుకెళ్ళిన మా షెడ్డు దుప్పట్లు మడతలేసి పరిచి బావని కూర్చోబెట్టాం. కారేదిరా అన్నాడు. బజారుకి వెళ్ళింది, వస్తుంది అన్నాను. అక్క దారంతా నా మొహమే చూసింది.

ఆసుపత్రిలో బావని మిషన్‌కి తగిలించారు. ఆ గదిలో నేను ఎన్నోసార్లు కూర్చున్నాను, ఎప్పుడూ టీవీ చూసేవాణ్ణి. ఆ రోజు మిషన్ చూశాను. ముందు వైపు గాజు మూత వెనకాల ఒక చిన్న చక్రం తిరుగుతోంది. ఒక గొట్టాన్ని నొక్కి వదులుతూ, నొక్కి వదులుతూ, మా బావ నెత్తుటిని ఆయన చేతిలోంచి తీసుకుని, కడిగి, మళ్ళీ ఆయన చేతిలోకే పంపిస్తోంది. చప్పుడు కూడా పెద్దగా లేదు. బావ దాని వైపు చూడకుండా నిద్రపోతున్నాడు. గదినిండా మంచాలు, మంచం పక్కన మంచం, ప్రతి దాని పక్కనా ఒక చిన్న చక్రం. ఇంతమంది ప్రాణాలు ఇలా గుండ్రంగా తిరిగి ఇళ్ళకి వెళ్తున్నాయి, బయట బందరు బజారులో జనం హల్వా కొనుక్కుంటున్నారు. నాకు లేచి ఎవరికో దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక నర్సమ్మకి పెట్టాను. ఆవిడ కంగారుపడి, ఏమైందండీ అంది.

బస్సు ఆలస్యమైందని మా ఆవిడ ఫోన్ చేసింది. కాసేపటికి పంపు వచ్చిందని చేసింది. ఆ తర్వాత ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తలేదు. అక్క కారిడార్లోకి వచ్చి, ఆటో అతన్ని ఉండమననా పంపించెయ్యనా అని అడిగింది. ఉండమను అన్నాను. సూదులు తీసేశారు. దూది నొక్కి పెట్టుకుని బావ మంచం మీద కూర్చున్నాడు, మొహం తెల్లగా పాలిపోయి. రెక్క పట్టుకుని గేటు దాకా నడిపించుకొచ్చాం.

గేటు బయట మా కారుంది. నడుస్తున్న ఇంజనుతో. కిటికీలోంచి మా ఆవిడ, చేతికి గ్రీజు మరకతో, "డ్రైవ్ చేస్తూ ఫోన్ ఎత్తకూడదని మీరేగా చెప్పారు," అంది.

బావ వెనక సీట్లో కాళ్ళు చాపుకున్నాడు. చల్లపల్లి రాకముందే నిద్రపోయాడు. స్టీరింగ్ పట్టుకున్న నేను రోడ్డు కంటే ఇంజను వేడి చూపించే ముల్లునే ఎక్కువ చూశాను. అది మధ్యకి వచ్చి, బజ్జున్న పిల్లిలా కదలకుండా కూర్చుంది. పులిగడ్డ వంతెన మీద కింద కృష్ణ వెడల్పుగా, వెలుగుతూ, సముద్రం వైపు పోతోంది. అన్ని నీళ్ళు. అద్దంలో బావ, నోరు కొంచెం తెరుచుకుని. ఆ రాత్రి నేనూ మా ఆవిడా అక్కావాళ్ళింట్లోనే ఉండిపోయాం.

తెల్లారి బానెట్ చప్పుడికి మెలకువ వచ్చి బయటికి పరిగెత్తాను. బావ అప్పటికే సగం బకెట్టుతో నిలబడి, రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ నీళ్ళ డబ్బాలోకి తొంగి చూస్తున్నాడు.

"ఒరే, దీనికి మళ్ళీ పాచి పట్టిందిరా," అన్నాడు. "ఇదివరకు కూడా ఇలాగే పచ్చగా ఉంటే మొత్తం పారబోసి, కడిగి, మన బోరు నీళ్ళు నింపాను. నీకు చెప్పలేదు. అప్పట్నుంచి ఎంత తేటగా ఉండేవో. ఉండు, ఇవీ తీసేస్తాను."

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా జీవితంలో నేను కోసిన కోతలన్నీ ఆ ఒక్క నిమిషం కోసం చేసిన సాధనేమో అనిపించింది.

"ముట్టుకోకు బావా," అన్నాను. "అది పాచి కాదు, మందు. మొన్న గుడివాడలో పెద్ద డాక్టరుకి చూపించాం. దీనికీ లోపల నీళ్ళు తిప్పేది దెబ్బతింది. కొత్తది పెట్టారు. ఇక నుంచి దీనికి నీళ్ళు కట్టడి. ఆ పచ్చమందు తప్ప చుక్క ఎక్కువైనా ప్రమాదమన్నారు."

బావ నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. డబ్బా మూత జాగ్రత్తగా బిగించి, బానెట్ దించాడు. బకెట్లో నీళ్ళతో నాలుగు టైర్లూ కడిగాడు, ఏ మర్యాదా తక్కువ కాకుండా. చివర్న తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని బానెట్ మీద పెట్టాడు.

"మొదట్లో నాలిక పీకేస్తుంది," అన్నాడు దానితో. "ఓర్చుకో. అలవాటవుతుంది."